పెదాల మీద మేడ

ఉప్పాడ,
12 జూన్ 2023

చిరంజీవి సత్యవాణికి మావయ్య పల్లంరాజు దీవించి, కొంచెం తిట్టి రాసేది.

నువ్వు నా నెంబరు బ్లాక్ చేసి నలభై రోజులు దాటింది. కేరళ అవార్డు కమిటీ పెద్దాయన గొంతు పెట్టి నీకు ఫోన్ చెయ్యడం నా తప్పే, ఒప్పుకున్నాను. కానీ మలయాళంలో ఒక్క సినిమా కూడా చెయ్యకుండా అవార్డు వచ్చిందంటే నమ్మేసి, యూనిట్ మొత్తానికి మిఠాయి పంచడం ఎవరి తప్పు? “ఉత్తరం రాసుకోమనండి, అందులో గొంతు మార్చలేడుగా” అని కబురంపావు. సరే, రాస్తున్నాను. పోస్టాఫీసుకి వెళ్ళి కవరు అడిగితే రాజరత్నం గారు కళ్ళజోడు తీసి “అయ్యో, ఎవరు పోయారండి?” అన్నారు. ఉత్తరాలకి మన ఊళ్ళో మిగిలిన గౌరవం అది.

అసలు సంగతికి వస్తాను. మొన్న మధ్యాహ్నం వేలంపాట అయ్యాక నా ఫోను ఐసు పెట్టెకి చేరేసి నీ కన్నడం సినిమా పెట్టాను. పక్కింటి సూర్యకళా, ఇంకో నలుగురు ఆడాళ్ళూ కూర్చున్నారు. మీ అమ్మ చేపలు కోసుకుంటూ కాస్త దూరంగా కూర్చుంది. చూడనట్టు చూడ్డంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. అందులో మీ ఆయన పోతాడు చూడు, నువ్వు శవం మీద పడి ఏడుస్తావు. సూర్యకళ కొంగు నోట్లో కుక్కేసుకుంది. సరిగ్గా అప్పుడు మీ అమ్మ పకపకా నవ్వింది. కత్తిపీట పక్కకి తోసేసి మరీ నవ్వింది.

“ఏంటక్కా?” అన్నాను.

“మొగుడు పోతే ఇదేంట్రా, గంపల్లో చేపలు చెబుతోంది!” అంది.

సౌండు తీసేసి వెనక్కి తిప్పి చూశాను. నిజమేనే! చందువా, పండుగప్ప, కానాగంతలు, గులివిందలు... గుండెలు బాదుకుంటూ వరసగా చేపల పేర్లు!

ఇక్కడ ఒక మాట. ఈ ఉత్తరం దారిలో ఎవరైనా ఆవిరి పట్టి విప్పి చదివితే వాళ్ళకి అర్థం కావాలి కదా. రాజరత్నం గారూ, మీకే చెబుతున్నాను. మా అక్క లోవమ్మకి ఏడో ఏట జ్వరమొచ్చి చెవులు పోయాయి, మాట పోలేదు. అప్పట్నించీ ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తుంది. మొగుడితో మంగుళూరు వైపు రేవులకెళ్ళి రెండేళ్ళు రొయ్యలు ఒలిచొచ్చింది. ఇప్పుడు మన రేవులో వేలంపాటకి నిలబడితే, అవతల ఒడ్డున షావుకార్లు చెవుల్లో గొణుక్కునే రేటు కూడా ఇవతల్నించి చదివేస్తుంది. అందుకే వాళ్ళు మా అక్క ఎదట మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటారు.

ఇంతకీ వాణీ, కన్నడంలో సాన్విక, తమిళంలో ఇళవేణి, ఒడియాలో నాకు నోరు తిరగని ఇంకేదో పేరున్న దానా, నీ మొగుడి శవం మీద చేపల వేలం ఎందుకు పాడావో తెలియజెయ్యి.

ఇట్లు,
ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన మీ మావయ్య,
పల్లంరాజు


మైసూరు,
3 జూలై 2023

మావయ్యకి,

నమస్కారం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను.

అది నా మొదటి కన్నడ సినిమా. డైలాగు షాటుకి పది నిమిషాల ముందు ఇచ్చేవారు. నాకు ఒక్క ముక్క రాదు. అసిస్టెంటు డైరెక్టరు వచ్చి, “ఏదో ఒకటి అనండి మేడమ్, పెదాలు కదిలితే చాలు, గొంతు డబ్బింగులో వేరే అమ్మాయి పెడుతుంది” అన్నాడు. నాలాంటివాళ్ళు చాలామంది ఒకటీ రెండూ మూడూ అని అంకెలు చెబుతారు. ఏడుస్తూ అంకెలు చెబితే నాకు నవ్వొచ్చింది. అమ్మ గంపలు దింపేటప్పుడు చెప్పే వరస అయితే ఏడుపొచ్చింది. అదే చెప్పాను. అది ఎవరికైనా తెలుస్తుందని అనుకోలేదు.

తెలుగులో నాకు అదీ లేదు. మన భాషే కదా అని నేను మాట్లాడితే, “యాస బాలేదమ్మా” అని తీసేసి ఎవరో బొంబాయి అమ్మాయి చేత చెప్పించారు. నాలుగు భాషల్లో నాలుగు గొంతులు నావి. ఒక్కటీ నాది కాదు.

మావయ్యా, ఇప్పుడు అడిగేదానికి వేళాకోళం లేకుండా జవాబు రాయి. అమ్మ కళ్ళు తెరిచి చూసిందా? రెండేళ్ళ కిందట నేను ఇంటికొచ్చినప్పుడు ఏం చేసిందో నీకు తెలుసు. గుమ్మంలో నన్ను చూసి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నమంతా కళ్ళు మూసుకునే చేపలు కోసింది. వేలు తెగుతుందేమోనని నాకు భయం. తెగలేదు. వీడియో కాల్ చేసినా అంతే, కళ్ళు మూసేస్తుంది. చెవులు వినపడని మనిషి కళ్ళు కూడా మూసుకుంటే ఎవరేం చెప్పగలరు?

నిన్ను నమ్మను కాబట్టి ఒక పరీక్ష. ఆ షాటులో నేనొక చేప పేరు మర్చిపోయాను. అది ఏదో అమ్మని అడిగి రాయి. నీకు తెలిసే అవకాశం లేదు.

వాణి

రాజరత్నం గారికి నమస్కారాలు.


ఉప్పాడ,
25 జూలై 2023

అనుమానాల పుట్ట సత్యవాణికి,

వంజరం.

అడిగీ అడగ్గానే చెప్పింది. “చందువా తర్వాత వంజరం వదిలేసింది. చిన్నప్పుడూ అంతే, వంజరం దగ్గర తడబడేది” అంది. నమ్మావా? అప్పుడు సందు దొరికింది కదా అని, “మరి ఫోన్లో అది మాట్లాడితే కళ్ళు మూసుకుంటావు, సినిమాలో అయితే గుడ్లప్పగించి చూస్తావేంటి?” అని అడిగేశాను.

“సినిమా చూడ్డం వేరు, దాంతో మాట్లాడ్డం వేరు. టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ చూస్తారు” అంది. టిక్కెట్టెక్కడ కొంది, ఫోను నాది.

ఆవిడ పెదాల చదువులో ఒక లోపం ఉంది, నీకూ తెలుసు. బళ్ళో మనకి ప, ఫ, బ, భ, మ అని ఐదక్షరాలు నేర్పారు. మీ అమ్మకి ఆ ఐదూ ఒక్కటే, అన్నిటికీ పెదాలు మూతపడాల్సిందే కదా. ముందూ వెనకా మాటలు చూసి పోల్చుకుంటుంది. నా చిన్నతనమంతా ఆ సందులోనే గడిచింది. “అక్కా, పేకకి వెళ్తున్నా” అని నిజమే చెప్పి వెళ్ళేవాణ్ణి. ఆవిడకి ‘మేకకి’ అని కనపడేది. “జాగ్రత్తరా” అనేది. ఒక్క అబద్ధం ఆడకుండా ముప్ఫై ఏళ్ళు పేకాడాను.

నీకు గొంతు లేదని బాధపడకు. మీ అమ్మకి నీ గొంతుతో పనేముంది? నీ పెదాలు నీవే కదా. ఇక బుర్ర వాడుకో.

మావయ్య

తా.క. వచ్చే సినిమాలో ఎక్కడో ఓ చోట “షావుకారు బుల్లియ్య తూకం దొంగ” అని ఇరికించు. వాడి మొహం ఎదురుగా పెట్టి చూపిస్తాను.


చెన్నై,
9 ఫిబ్రవరి 2024

మావయ్యకి,

బుర్ర వాడాను. వచ్చే శుక్రవారం నా తమిళం సినిమా ఫోన్లోకి వస్తోంది. వానలో పాట అయ్యాక బస్టాపు సీను ఉంటుంది. హీరో భుజం మీద తల పెట్టుకుని నాలుగు మాటలంటాను. అక్కడ అమ్మని కూర్చోబెట్టు. ఏం అన్నానో నీకు చెప్పను. ఆవిడేం అందో నువ్వు రాయి.

బుల్లియ్య గారి పేరు ఇరికించడం కుదరదు. డబ్బింగు చెప్పే అమ్మాయి పెదాలకి సరిపడా తమిళం మాటలు వెతుక్కోలేక నన్ను తిడుతుంది. ఇప్పటికే, “మీ పెదాలకి మాటలు కూర్చలేక చస్తున్నానక్కా” అని మొత్తుకుంటోంది.

ఒడియా సినిమాలో గుడి మెట్ల దగ్గర కూడా ఒక మాట ఉంది. అదీ చూపించు.

వాణి


ఉప్పాడ,
2 మార్చి 2024

చిరంజీవి వాణికి,

పరువు తీశావు. ఈసారి సూర్యకళ వాళ్ళ అరుగు మీద పదిహేనుమంది కూర్చున్నారు. హీరో నిన్ను పొదివి పట్టుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. నువ్వు కళ్ళు పైకెత్తి ఏదో అన్నావు. మీ అమ్మ ఒక్క కేక వేసింది:

“ఎడం మోకాలు బానే ఉంది, కుడిదే సలుపుతోంది!”

అరుగు మీద వాళ్ళంతా ఆవిణ్ణి చూశారు. ఆవిడ మాత్రం తెరనే చూస్తోంది. ఆనక ఒడియా సినిమా పెట్టాను. గుడి మెట్లెక్కుతూ నువ్వు దేవుడికి దణ్ణం పెట్టి ఏదో గొణిగావు. “తిన్నాన్లే. నువ్వే చిక్కిపోయావు” అంది. ఆ మాట అన్నాక చుట్టూ చూసి, “ఏంటి చూస్తున్నారు? సినిమా చూస్తున్నాను, కనపడట్లేదా?” అని అందర్నీ కసిరింది.

ఇంటికెళ్ళి మోకాలికి నూనె రాసుకుంది. రెండు మోకాళ్ళకీ.

మొన్న నెట్లో నీ మీద రాశారట, ‘నాలుగు భాషల్లో నటిస్తున్నా దేంట్లోనూ ఒదగని నటి, పెదాలకీ మాటలకీ పొంతన ఉండదు’ అని. సూర్యకళ కొడుకు చదివి వినిపించాడు. నవ్వుకున్నాం. పొంతన ఎక్కడుందో వాళ్ళకేం తెలుసు?

మావయ్య


కొచ్చి,
18 ఆగస్టు 2024

మావయ్యకి,

ఈ ఉత్తరం కాస్త గర్వంగా రాస్తున్నాను, ఎగతాళి చెయ్యకు.

మలయాళం సినిమా చేస్తున్నాను. ఈసారి నిజం సినిమా, నిజం ఫోన్ కాల్. ఈ డైరెక్టరు డబ్బింగు ఒప్పుకోడు. షాటులో మాట్లాడిందే తెర మీద వినపడాలి. బట్టల్లో మైకు పెడతారు. ఫ్యాను తిరిగినా షాటు ఆపేస్తారు. నాలుగు నెలలు ఒక టీచరమ్మ ఇంట్లో ఉండి భాష నేర్చుకున్నాను. మొదట్లో ఆవిడ వంటింట్లోంచి నా ఉచ్చారణకి నవ్వేది. ఇప్పుడు కూరగాయలవాడు నన్ను త్రిశూర్ అమ్మాయి అనుకుంటున్నాడు.

మొన్న రషెస్, అంటే అప్పటిదాకా తీసిన షాట్లు, చూశాను. తెర మీద నేను మాట్లాడుతుంటే నా గొంతే వినపడింది. ఏడేళ్ళలో మొదటిసారి. మొదట గుర్తుపట్టలేదు. ఎవరో బొంగురు గొంతు అమ్మాయి, బాగా చెబుతోంది అనుకున్నాను.

కన్నడం వాళ్ళు కూడా పిలిచారు. వాళ్ళకి కూడా నా గొంతే కావాలట. ఇక మీదట నేను ఎవరి గొంతూ అరువు తెచ్చుకోను. అమ్మకి చెప్పు.

వాణి


ఉప్పాడ,
14 డిసెంబరు 2024

వాణికి,

మలయాళం సినిమా వచ్చింది. పేపర్లో నీ ఫోటో పడింది. రాజరత్నం గారు పోస్టాఫీసు గోడకి అంటించారు. పిఠాపురంలో నేను పడవ ఇంజన్లు కొనే షాపువాడు కూడా, “మీ మేనకోడలంట కదండి!” అని టీ ఇప్పించాడు.

మీ అమ్మ ఆ సినిమా మూడుసార్లు చూసింది. ఒక్కసారీ నవ్వలేదు, అరవలేదు. మూడోసారి అయ్యాక ఫోను నా చేతిలో పెట్టి అంది, “దానికి నా మీద కోపం వచ్చింది. మాట్లాడ్డం మానేసింది.”

అది కాదక్కా, అది మలయాళం అన్నాను. నిజంగానే ఆ భాష మాట్లాడుతోంది, అందుకే నీకు అందడం లేదు, పెద్ద పేరొచ్చింది అన్నాను. ఆవిడ నా మొహం చూసి, “నీ మాట నేనెప్పుడు నమ్మాను?” అంది.

చూశావా నా బతుకు! సముద్రంలో కాకినాడ నించి రైలు బండి వస్తోందని చెబితే నమ్మిన ఊరు ఇది. నేను నిజం చెప్పిన రోజున వినేవాడు లేడు. సూర్యకళ చేత చెప్పించాను. “దాన్ని కూడా నువ్వే పంపావు” అంది.

మొన్న నీ తమిళం సినిమా మళ్ళీ పెడితే కూడా చూడలేదు. “అవి పాత మాటలు” అంది. వేలంపాటలో కూడా షావుకార్ల మూతులు చూడ్డం లేదు. తువ్వాళ్ళు తీసేశారు వాళ్ళు.

నీకు పేరొచ్చిందని ఆనందించాలో, మరేదైనా చెయ్యాలో తెలీక ఉన్నది ఉన్నట్టు రాశాను. ఒక్క జోకు కూడా వెయ్యలేదు, గమనించు.

మావయ్య


బెంగళూరు,
11 జనవరి 2025

మావయ్యకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి కోపం వచ్చింది.

నేనేం చెయ్యాలి? బతికినన్నాళ్ళూ శవాల మీద పడి చేపల పేర్లు చెప్పుకోవాలా? కన్నడం సినిమాకి ఎప్పుడో సంతకం చేసేశాను, షూటింగు చివరికొచ్చింది. ఇక్కడా మైకు బట్టల్లోనే ఉంటుంది. ఒక్క తెలుగు మాట దొర్లితే షాటు పోతుంది. డైరెక్టరుకి మా అమ్మ సంగతి చెప్పాను. బాగుందే, దీని మీదే ఒక కథ రాయొచ్చు అన్నాడు. అంతవరకే.

నాకు చెప్పడం రాక కాదు. ఆవిడ కళ్ళు తెరిస్తే ఎదురుగా నిలబడి చెబుతాను. ఆవిడెందుకు మూసుకుందో నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మన ఇంట్లో ఒకటే నియమం కదా, వీపు తిప్పి మాట్లాడకూడదు. అమ్మకి కనపడనిది ఇంట్లో ఎవ్వరూ అనకూడదు. హైదరాబాదు వెళ్ళిపోయిన రోజు పొద్దున్న నేను బ్యాగు తీసుకుని, గుమ్మం వైపు తిరిగి, “వెళ్తున్నానమ్మా, సినిమాల్లోకి” అన్నాను. చెప్పాననిపించుకోడానికి చెప్పాను. వద్దంటుందని భయం. వీపు వెనక ఆవిడ అన్నం వార్చుకుంటోంది. బస్సెక్కాక ఆవిడకి ఊళ్ళో ఎవరో చెప్పారు.

నేను వీపు తిప్పాను, ఆవిడ కళ్ళు మూసింది. చెల్లుకు చెల్లు. ఇందులో నీకు నవ్వుకోడానికేమీ లేదు.

ఇక సినిమాలు చూపించకు.

వాణి


ఉప్పాడ,
22 ఏప్రిల్ 2025

సత్యవాణికి,

చూపించకు అన్నావు. చూపించాను. నా సంగతి తెలిసీ చెప్పావు, అది నీ తప్పు.

కన్నడం సినిమా ఫోన్లోకి వచ్చిందని తెలిసి, మీ అమ్మ వలల పాక దగ్గర కూర్చుని ఉంటే ఎదురుగా పెట్టి నేను వెళ్ళిపోయినట్టు నటించాను. నీ ఒక్కదానికేనా నటన వచ్చు? మొదటి గంట మొహం అటు తిప్పుకుని ఉంది. తర్వాత మెల్లగా ఇటు తిప్పింది. అప్పుడు ఆ సీను వచ్చింది. నువ్వు ఇంటి గుమ్మంలో నిలబడి మీ సినిమా అమ్మ మీద అరుస్తున్నావు. కెమెరా నీ మొహం దగ్గరికొచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు. ఒకే మాట మూడుసార్లు అన్నావు.

మీ అమ్మ దిగ్గున లేచింది. “మేడ! మేడ అడుగుతోందిరా! మేడ కావాలంట దానికి!” అంది.

నాకు చెవులున్నాయి కదా, నాకు ‘బేడ’ అని వినపడింది. ఆలోచించాను. మన పెద్దాళ్ళ లెక్కలో బేడ అంటే రెండణాలు. ఏ కూతురైనా రెండణాల కోసం గుమ్మంలో నిలబడి అంతలా ఏడుస్తుందా? కన్నడం వాళ్ళు మ ని బ అంటారేమో అనుకున్నాను. అలా చూస్తే మేడే. పైగా తనతో మాట్లాడ్డం మానేసిన కూతురు మళ్ళీ మాట్లాడిందని ఆవిడ మొహం ఎలా ఉందో నువ్వు చూడలేదు. ఆ మొహానికి అడ్డు చెప్పే ధైర్యం నాకు లేదు.

మర్నాడే మేస్త్రి పోతురాజుని పిలిచింది. పైన ఒక గది, పక్కనించి మెట్లు. “సముద్రం ముందు వరస ఇళ్ళు తినేసిందండి, మనది మూడో వరస, మేడెందుకండి ఇప్పుడు?” అన్నాడు పోతురాజు. “పిల్ల అడిగింది” అంది. దానికి ఎదురుందా?

ఇవాళ్టికి మెట్లు ఆరు లేచాయి. ఎటూ వెళ్ళని మెట్ల మీద మీ అమ్మ కూర్చుని చేపలు కోస్తోంది.

మావయ్య


బెంగళూరు,
6 మే 2025

మావయ్యకి,

వెంటనే పని ఆపించు. ఎంత పని చేశారు మీరిద్దరూ!

కన్నడంలో బేడ అంటే వద్దు. ఆ సీనులో నేను ఆ అమ్మతో నువ్వు వద్దు, నీ ఇల్లు వద్దు, ఏమీ వద్దు అంటున్నాను. ఆ మాటకి మూడు నెలలు సాధన చేశాను. అవార్డు వస్తుందంటున్నారు ఆ సీనుకి. మా అమ్మ దాన్ని చూసి మేడ కడుతోందా?

ఆవిడకి చెప్పేయ్. నువ్వే చెప్పు, ఎలాగైనా నమ్మించి చెప్పు. నేను మేడ అడగలేదు. నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇంకో తుపాను వస్తే ఆ వరస కూడా ఉంటుందో లేదో. నేను ‘వద్దు’ అన్న మాట మీద ఆవిడ ఇటుకలు పేర్చుతోందంటే నాకు ఇక్కడ అన్నం దిగడం లేదు. షూటింగులో రెండు షాట్లు పోయాయి.

ఎప్పటికైనా తెలుస్తుంది కదా. గది పూర్తయ్యాక తెలిస్తే ఆవిడ మళ్ళీ కళ్ళు తెరవదు.

వాణి


ఉప్పాడ,
20 జూన్ 2025

చిరంజీవి సత్యవాణికి మావయ్య పల్లంరాజు ఓడిపోయి రాసేది.

నీ ఉత్తరం అందిన రోజే వెళ్ళాను. మీ అమ్మ తొమ్మిదో మెట్టు మీద నిలబడి కొత్త గోడకి నీళ్ళు పోస్తోంది. కింద నిలబడి, ఆవిడకి పెదాలు కనపడేట్టు మొహం పైకెత్తి, “అక్కా, అది మేడ కాదు” అన్నాను.

బొక్కెన దించి కళ్ళు మూసుకుంది. నా మీద కూడా! యాభై ఏళ్ళలో మొదటిసారి.

నేను తిరిగొచ్చేశాను. చెప్పాలని మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను, గోడకి నీళ్ళు తోడిపెట్టి వచ్చేశాను. నీకు జవాబు రాయడం ఆలస్యమైంది అందుకే. అబద్ధాలు అవలీలగా చెప్పేవాడికి ఒక చిన్న నిజం ఇంత బరువుంటుందని తెలీదు.

మొన్న మంగళవారం స్లాబు వేశారు. పని అయ్యాక పోతురాజు చేతులు కడుక్కుని, మర్యాదగా మీ అమ్మ ఎదురుగా వచ్చి, “గోడలకి రంగు కూడా నన్నే వేయించెయ్యమంటారా అండి?” అని అడిగాడు. మీ అమ్మ గంప సర్దుకుంటూ, చెయ్యి అడ్డంగా ఊపి అంది:

“బేడ, బేడ.”

పోతురాజుకి అర్థం కాలేదు. నాకైంది. ఆవిడ మంగుళూరు వైపు రొయ్యలు ఒలిచిన రెండేళ్ళ సంగతి నా బుర్రకి రాలేదు చూడు! నేనే నీకు రాశాను, నేనే మర్చిపోయాను. పోతురాజు వెళ్ళేదాకా ఆగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

“అక్కా, బేడ అంటే నీకు తెలుసు.”

“తెలీకేం? రోజూ రొయ్యల కంపెనీ గేటు దగ్గర ఆ మాటే అనేవాడు కదా కాపలావాడు. ఇవాళ నువ్వు బేడ, నువ్వు బేడ అని. అది బ అని మీ బావ నేల మీద రాసి చూపించాడు. వాడి మూతి నాకింకా గుర్తే.”

“మరి మేడ అన్నావేంటి?”

ఆవిడ కళ్ళు మూసుకోలేదు. నన్ను సూటిగా చూసింది. “మేడ అంది. నాకు అలాగే కనపడింది. నువ్వూ దానికి అలాగే రాయి” అంది.

గంప ఎత్తుకుంటూ ఇంకో మాట అంది. “పల్లం, నువ్వు మేక మేక అని రోజూ ఎటు పోయేవాడివో నాకు తెలీదనుకున్నావా? మన ఇంట్లో మేకలెప్పుడున్నాయిరా?”

అదీ సంగతి. ఈ ఊరికి నేను ముప్ఫై ఏళ్ళు టోపీలు పెట్టాననుకున్నాను. నాకు ఇంట్లోనే పెట్టి ఉందని ఇప్పటికి తెలిసింది.

ఆవిడ రాయమన్నది నేను రాయలేదు, ఉన్నది రాశాను. ఇది చదివి చింపెయ్యి. నీ ఇష్టం వచ్చిన జవాబు రాయి. రాజరత్నం గారూ, మీరు చదివితే నోరు మూసుకోండి. మా అక్క మీ పెదాలు చూస్తుంది.

పల్లంరాజు


చెన్నై,
30 జూన్ 2025

మావయ్యకి,

నువ్వు పంపిన ఉత్తరం నాకు అందలేదు. రాజరత్నం గారే ఎక్కడో పోగొట్టి ఉంటారు.

అవును, మేడే అడిగాను.

జూలై పదహారో తారీఖు పొద్దున్న సామర్లకోటలో దిగి వస్తాను. అమ్మకి ముందుగా చెప్పకు. చెప్పినా నమ్మదు. నీ నెంబరు ఇంకా బ్లాకులోనే ఉంటుంది.

పోతురాజు గారికి ఒక మాట చెప్పు. పై గదికి కిటికీ రేవు వైపు పెట్టమను. గోడ పగలగొట్టయినా సరే, పెద్దదిగా పెట్టమను. వేలంపాట దగ్గర నిలబడిన మనిషికి నా పెదాలు కనపడాలి.

వాణి